లే కాదు, చాల్లే

నేను ఆ రోజు అరిచింది "చాల్లే!" అని.

ఈ మాట ఇప్పటికి ఎంతమందికి చెప్పానో నాకే గుర్తులేదు. విన్నవాళ్ళందరూ బుద్ధిగా తల ఊపుతారు. "ఓహో, అలాగా అండీ" అంటారు. గుమ్మం దాటగానే పక్కవాడితో, "ఆవిడ 'లే!' అని ఒక్క కేక పెట్టిందండీ, అంతే, చచ్చినట్టు పడున్న మనిషి లేచి నిలబడ్డాడు" అని చెప్తారు. నాకు నోరెక్కువని మా వీధిలో అందరికీ తెలుసు. ఆ నోట్లోంచి ఏ మాట వచ్చిందో మాత్రం నాకంటే వాళ్ళకే బాగా తెలుసట.

మా ఆయన బాక్సరు. జనం ఆయనకి పెట్టిన పేరు గోడ. ఎంత కొట్టినా కదలడని. ఇంట్లోనూ అంతే, ఎంత చెప్పినా కదలడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆయన నోరు విప్పకపోవడం వల్ల ఆయన తరఫున మాట్లాడేవాళ్ళకి ఎప్పుడూ కరువు రాలేదు. ఏ ఆదివారం చూసినా మా ముందు గదిలో నలుగురు చేరి ఆయన గొప్ప గురించి గొంతు చించుకుంటూ ఉంటారు. ఆ ముందు గది నా కుట్టుమిషను ఉండే గది. నేను జాకెట్లకి కాజాలు తీసుకుంటూ ఈ గోలంతా వినాలి.

అసలు సంగతి చెప్తాను. ఆ పోటీ సుత్తి అనేవాడితో. వాడి చెయ్యి బరువు అలాంటిది కాబట్టి ఆ పేరు. రింగులో వాడొక్కడే సుత్తి. దాని గురించి మా ఇంట్లో కూర్చుని చెప్పేవాళ్ళందరూ సుత్తే. నేను తాళ్ళకి దగ్గరగా, ఒక మూల కూర్చున్నాను. ఎక్కడ చూసినా అరుపులు, ఈలలు. సుత్తి కొట్టిన దెబ్బకి మా ఆయన కనుబొమ చిట్లి బోర్లా పడ్డాడు. రిఫరీ వేళ్ళు చూపిస్తూ లెక్కపెడుతున్నాడు. ఆ రక్తం చూశాను. ఎవడిక్కావాలి గెలిచినవాడికిచ్చే ఈ బెల్టు, మనిషి మిగిలితే అదే పదివేలు అనిపించింది. లేచి నిలబడి ఉన్న గొంతంతా పెట్టి "చాల్లే!" అని అరిచాను.

ఆ గోలలో "చా" ఎక్కడ జారిపడిపోయిందో దేవుడికే తెలియాలి. "లే" ఒక్కటే వెళ్ళి విలేకరుల బల్ల మీద పడింది.

ఆయన లేచాడు. నేనున్న మూల వైపే తిరిగి ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చాడు. సుత్తి అప్పటికే గెలిచేశాననుకుని రెండు చేతులూ గాల్లోకి ఎత్తి జనానికి చూపిస్తూ, నవ్వుతూ ఎదురొచ్చాడు. మా ఆయన కుడి చెయ్యి ముందుకు జరిగింది. సుత్తి గడ్డానికి తగిలింది. వాడు ఉన్నపళంగా కూలబడి, అలాగే హాయిగా పడుకున్నాడు.

మర్నాడు పేపర్లో నా "లే!" అచ్చయింది. పక్కన ఆశ్చర్యార్థకం నా మూరంత పొడుగు. దాని కింద విలేకరి చిలవలు పలవలు అల్లి రాసిన కథ చదివి, నేనే ఒక క్షణం ఆ ఇల్లాలెవరో గాని మహా గట్టిదనుకున్నాను. ఫోన్ చేసి "బాబూ, నేనన్నది అది కాదు" అన్నాను. "మేడమ్, మీ వినయం కూడా రేపు రాస్తాను" అన్నాడు. రాశాడు కూడా.

మా అత్తగారికి మాత్రం ఇందులో ఒక్కటే అభ్యంతరం.

"నలుగురిలో మొగుణ్ణి పట్టుకుని 'లే' అంటావుటే? 'లేవండి' అనడానికి నోరు రాలేదూ?" అంది.

"నేను లే అనలేదు అత్తయ్యా, చాల్లే అన్నాను."

"అయితే మాత్రం? 'చాల్లెండి' అనాలి."

నిజానికి ఆయన్ని నేనెప్పుడూ మీరనే అంటాను. భయంలో ఆ 'ండి' నోట్లోనే ఉండిపోయింది. ఆ ఒక్క 'ండి' పలికి ఉంటే మా బతుకు ఇంకోలా ఉండేదేమో.

ఎందుకంటే ఆ తర్వాత ఆయన ఎక్కడ కాస్త కూలబడ్డా జనం ఊరుకోలేదు. క్షవరం చేయించుకోవడానికి కుర్చీలో కూర్చుంటే "లే!" అంటారు. ఆస్పత్రి బల్ల మీద కూర్చుంటే "లే!" అంటారు. బస్సులో ఎలాగో ఓ సీటు దొరికి కూర్చుంటే వెనకనుంచి ఎవడో ఒకడు "లే!" అని అరుస్తాడు. మొహమాటానికి ఆయన లేచి చెయ్యి ఊపుతాడు. బస్సంతా చప్పట్లు కొడుతుంది. ఈలోగా ఆ సీట్లో అరిచినవాడు కూర్చుంటాడు.

అంతా అలవాటైపోయిన తర్వాత, ఈ మధ్య ఆయన కుడి కన్ను మొరాయించింది. మునుపు నా సూదికి దారం ఎక్కించేది ఆయనే. ఆ లావుపాటి వేళ్ళతో ఒక్క విసురున ఎక్కించేవాడు. ఓ రోజు దారం సూదికి ఇవతలా అవతలా పొడుస్తున్నాడే గాని బెజ్జం దొరకడం లేదు. వెంటబెట్టుకుని కంటి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ దీపం పెట్టి చూసి, కంటి వెనక పొర పట్టు తప్పుతోందని, మందులతో, జాగ్రత్తతో నిలుపుకోవచ్చని, తలకి ఇంకొక్క గట్టి దెబ్బ తగిలితే మాత్రం ఆ కన్ను మీద ఆశ వదులుకోవాలని చెప్పింది. నాకు అర్థమయ్యేలాగే చెప్పింది. పక్కనున్న మా తమ్ముడికీ అర్థమయ్యేలాగే చెప్పింది.

మా తమ్ముడి గురించి చెప్పాలి. బావ పేరు చెప్పుకుని బాక్సింగ్ సంఘంలో కార్యదర్శి అయ్యాడు. జీవితంలో ఎవరిమీదా చెయ్యెత్తినవాడు కాదు, చిన్నప్పుడు బొద్దింకని చూసి నా వెనక దాక్కునేవాడు. అలాంటివాడు ఇప్పుడు, "మనం రింగులో దిగితేనా..." అంటూ మొదలుపెడతాడు. ఆ 'మనం' వినగానే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆయన ఇక రింగులోకి దిగడని తెలిశాక, సంఘంవాళ్ళు పెద్ద సభ పెట్టి సన్మానం చెయ్యాలని, క్లబ్బు బయటి గోడ మీద ఆయన అన్నింటికంటే గొప్ప పోటీని బొమ్మగా వేయించాలని అనుకున్నారు. అంతవరకూ బాగానే ఉంది. ఏది గొప్ప పోటీ అన్నదగ్గర వచ్చింది పేచీ. తేల్చడానికి అందరూ మా ముందు గదిలోనే చేరారు. నిక్కరు ఏ రంగు వెయ్యాలో కనుక్కుందామని పెయింటరు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇందులో తేల్చడానికేముంది?" అన్నాడు విలేకరి. "సుత్తి పోటీ. లే! అంతే."

మాస్టారు మొహం చిట్లించారు. ఆయనే మా ఆయనకి బాక్సింగ్ నేర్పింది. ఆయనకి నచ్చిన పోటీ వేరే ఉంది.

"అదొక పోటీనా? ఆ దెబ్బ చూశావా నువ్వు? భుజం లేదు, నడుం లేదు. తలుపు తోసినట్టు తోశాడు. అలా కొట్టడం నేను నేర్పలేదు. అసలు పని చూడాలంటే ఆ ఎడంచేతివాడితో ఆడిన పోటీ చూడాలి. మొత్తం మీద ఒక్క దెబ్బ మొహం మీద పడనిచ్చాడా? ఒక్కటి?"

"చూశాను మాస్టారూ. సగం చూసి నిద్రపోయాను. హాలంతా నాతోపాటే పడుకుంది."

"అది నీ ఖర్మ. దెబ్బ తిని లేవడం గొప్పా, దెబ్బే తినకపోవడం గొప్పా?"

"తినకపోతే నాకు వార్తెక్కడిది మాస్టారూ?"

విలేకరి నవ్వుతూనే అన్నాడు గాని, నా చేతిలో కత్తెర ఒక్క క్షణం ఆగిపోయింది. ఇన్నేళ్ళకి ఒక్క నిజం చెప్పాడు మహానుభావుడు.

"మీరిద్దరూ అయిపోయినవాటి గురించి కొట్టుకుంటున్నారు," అన్నాడు మా తమ్ముడు, కాలు మీద కాలేసుకుని. "బావ గొప్ప పోటీ ఇంకా జరగలేదు. సభ రోజే జరుగుతుంది. చివరి పోటీ. డ్రిల్లుతో ఒప్పించాను."

డ్రిల్లు అంటే ఈ మధ్య పైకొస్తున్న కుర్ర బాక్సరు. సుత్తి పోయి డ్రిల్లు వచ్చాడు, రేపు రంపం వస్తాడు కాబోలు. నేను కత్తెర బల్ల మీద పడేశాను.

"డాక్టరమ్మ చెప్పింది విన్నావా లేదా?" అన్నాను.

"విన్నానక్కా. ఊరికే నాలుగు రౌండ్లు. చేతులు అలా అలా ఆడిస్తారంతే. బావ చరిత్రలో నిలబడిపోవాలి."

"ఎంతసేపు నిలబెడతార్రా వాణ్ణి?" అని లోపలినుంచి మా అత్తగారు కేకేసింది. "కాసేపు కూర్చోనివ్వండ్రా!"

"అయితే నిక్కరు ఏ రంగండీ?" అన్నాడు పెయింటరు.

ఈ రభసంతా జరుగుతున్నంతసేపూ మా ఆయన తలుపు పక్కన స్టూలు మీద కూర్చుని నా మిషను బాబిన్‌కి దారం చుడుతున్నాడు. సూది ఎలాగూ కుదరడం లేదని ఆ పని పెట్టుకున్నాడు. ఎవరు మాట్లాడితే వాళ్ళవైపు తల తిప్పుతున్నాడు. ఎడమ చెవి ఎప్పుడో సగం పోయింది కాబట్టి కుడి చెవి తిప్పాలి. కుడి చెవి తిప్పితే చూడాల్సింది కుడి కంటితో. పాపం, వినపడినవాళ్ళు కనపడరు, కనపడినవాళ్ళు వినపడరు.

"బావా, నువ్వే చెప్పు, దిగుతావా లేదా?" అన్నాడు మా తమ్ముడు.

"చూద్దాం," అన్నాడు ఆయన.

దాన్ని మా తమ్ముడు ఒప్పుకున్నట్టే లెక్కేసుకున్నాడు.

వాళ్ళందరూ వెళ్ళాక నేను ఆగలేకపోయాను. "చూద్దాం అంటారేమిటి? చూడ్డానికి కన్నుండొద్దూ?" అన్నాను. ఆయన బాబిన్ నా చేతిలో పెట్టి, "అందరూ అంతగా అడుగుతున్నారు" అన్నాడు. అంతే. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఈ మనిషి ఇంతమందితో కొట్లాడాడు గాని, ఒక్కడికి కాదని చెప్పడం ఏ మాస్టారూ నేర్పలేదు.

మర్నాడు మా తమ్ముడు ఎర్ర సిల్కు తాను ఒకటి పట్టుకొచ్చాడు. బావ రింగులోకి వచ్చేటప్పుడు వేసుకునే పొడుగు కోటు నేనే కుట్టాలట. వీపు మీద జరీ దారంతో "లే!" అని ఉండాలట.

"కుట్టను," అన్నాను.

"అక్కా, సెంటిమెంటు."

"సెంటిమెంటు లేదు, ఏం లేదు. నేను లే అనలేదని నీకు తెలుసు. పక్క కుర్చీలోనే కూర్చున్నావు."

"తెలుసులే అక్కా. కానీ ఇప్పుడు చాల్లే అని కుట్టించి బావని రింగులోకి పంపితే బాగుంటుందా చెప్పు?"

"రింగులోకి పంపకుండా ఉంటే బాగుంటుంది."

వాడు గుడ్డ మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళి, బయట కుట్టించాడు. ఆ కుట్టినవాడు దీర్ఘం ఇవ్వడం మర్చిపోయి "లె!" అని కుట్టాడు. చూసి కడుపుబ్బా నవ్వాను. ఆ నెలంతా నేను నవ్వింది ఆ ఒక్కసారే.

గోడ మీద బొమ్మ కూడా సుత్తి పోటీదే పడింది. మాస్టారు అలిగారు గాని, ఎడంచేతివాడి పోటీ వేస్తే ఇద్దరు మగాళ్ళు దూరదూరంగా నిలబడి ఆలోచిస్తున్నట్టుంటుందని పెయింటరు తేల్చి చెప్పేశాడు. బొమ్మ పక్కన నిలువెత్తు అక్షరం, "లే!". నేను నిచ్చెన దగ్గరికి వెళ్ళి అడిగాను.

"బాబూ, ముందు ఒక 'చా', కింద ఒక ల వత్తు. ఎంతసేపు పని?"

"ఎంతోసేపు కాదమ్మా. వత్తుకి చోటుంది. 'చా'కే లేదు," అంటూ కుంచెతో చూపించాడు. 'చా' ఉండాల్సిన చోట మా తమ్ముడి బొమ్మ ఉంది. కోటు వేసుకుని, చేతులు కట్టుకుని, అసలు దెబ్బ కొట్టింది తనే అన్నట్టు నిలబడి ఉన్నాడు.

సభ రోజు సాయంత్రం హాలు కిటకిటలాడింది. నన్ను తీసుకెళ్ళి అప్పటిలాగే తాళ్ళ పక్కన, అదే మూల కూర్చోబెట్టారు. "ఈసారి నీకు మైకు ఇస్తాం అక్కా, నువ్వు ఆ ఒక్క మాట అనగానే గంట కొడతారు," అన్నాడు మా తమ్ముడు. పోటీ మొదలవ్వడానికి నా నోరే గంటన్నమాట. డ్రిల్లు వచ్చి వంగి దణ్ణం పెట్టాడు. మంచి పిల్లాడే.

"మెల్లిగానే కొడతాను ఆంటీ," అన్నాడు.

"ఎంత మెల్లిగా?"

వాడు నిజాయితీగా ఆలోచించాడు. "మెల్లిగా కొట్టడం నాకింకా రాదాంటీ. ప్రయత్నిస్తాను."

ముందు ఉపన్యాసాలు. మా ఆయన గ్లౌజులు కట్టుకుని, దీర్ఘం లేని కోటు వేసుకుని రింగులో నిలబడి ఉండగా, మాస్టారూ విలేకరీ మైకు లాక్కుంటూ ఏది గొప్ప పోటీయో మళ్ళీ మొదలుపెట్టారు. ఇంట్లో పూర్తవలేదు మరి. మా ఆయన ఎడమ కన్ను మూసి, కుడి కంటితో పైన దీపాలకేసి చూశాడు. మళ్ళీ తెరిచాడు, మళ్ళీ మూశాడు. ఎంత కనిపిస్తోందో చూసుకుంటున్నాడు. ఆ హాల్లో ఇన్ని వందల మందిలో ఆ సంగతి చూసింది నేనొక్కదాన్నే.

మైకు నా చేతికొచ్చింది. ఈసారి ఏ అక్షరమూ జారిపోకూడదని, 'ండి'తో సహా ప్రతి ముక్కా వత్తి వత్తి పలికాను.

"చాల్లెండి!"

హాలు దద్దరిల్లిపోయింది. "లెండి! లెండి! లెండి!" అని జనం కాళ్ళు నేలకేసి కొడుతూ అరవడం మొదలుపెట్టారు. మన భాషలో ఒక మనిషిని చాలని కూర్చోబెట్టాలన్నా, లెమ్మనకుండా కుదరదు కాబోలు. వెనక నుంచి మా అత్తగారి గొంతు మాత్రం విన్నాను. "ఇప్పుడు బాగా అంది," అంటోంది పక్కావిడతో.

గంట దగ్గర కుర్చీలో ఉన్నాయన కొట్టడానికి చెయ్యెత్తాడు. అప్పుడు మా ఆయన నావైపు వచ్చి, తాళ్ళ మీదుగా వంగి, వినపడే చెవి నాకిచ్చాడు.

"ఏమన్నావు?"

నేను లే అన్న అక్షరమే లేకుండా చెప్పాను. "చాలు," అన్నాను. "ఇంక చాలు. ఇంటికి పోదాం రండి." మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. ఆ మాటలు హాలంతా వినపడ్డాయి. కేకలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి.

ఆయన రెండు గ్లౌజుల మధ్యా మైకు ఇరికించుకుని నా చేతిలోంచి లాక్కున్నాడు. ఆయన సభలో మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు. ఇంట్లోనే సరిగ్గా వినలేదు.

"ఆ రోజు కూడా ఇదే అంది," అన్నాడు. "చాల్లే అంది. నాకు బాగానే వినపడింది."

మాస్టారు రెండడుగులు ముందుకొచ్చారు.

"సరే, ఇంటికెళ్దామనే లేచాను. తను ఈ మూల ఉంది. ఇటు నడిచాను. మధ్యలో సుత్తి అడ్డొచ్చాడు." మైకుతో సహా రెండు గ్లౌజులూ పక్కకి జరిపి చూపించాడు. "పక్కకి తోశాను."

"నేను చెప్పలా!" అని మాస్టారు వేదిక మీద తొడ చరిచారు. "తలుపు తోసినట్టు తోశాడని అప్పుడే చెప్పలా!"

విలేకరి కలం నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. మా తమ్ముడు "బావ జోక్ చేస్తున్నారు, బావ జోక్..." అంటూ మైకు కోసం చెయ్యి చాపాడు. ఆయన ఇవ్వలేదు. డ్రిల్లు వైపు తిరిగాడు. తాళ్ళు దాటి మెట్ల మీదికి వెళ్ళాలంటే డ్రిల్లు నిలబడ్డ చోటు మీదుగానే వెళ్ళాలి.

"బాబూ, కాస్త పక్కకి జరుగుతావా?" అన్నాడు.

డ్రిల్లు ఒక్క గెంతులో రింగు ఆ చివర ఉన్నాడు. వాడు అంత చురుగ్గా కదలడం ఆ తర్వాత ఏ పోటీలోనూ చూడలేదని మాస్టారు ఇప్పటికీ అంటుంటారు.

ఆయన తాళ్ళ మధ్యనుంచి వంగి కిందికి దిగాడు. నేను గ్లౌజుల ముడులు విప్పబోతే నా వేళ్ళకి ముడి దొరకలేదు. ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళు నేను నా "చా" కోసం లోకంతో పోట్లాడాను. అది ఎక్కడో జారిపోయిందనుకున్నాను. అది నేరుగా ఆయన దగ్గరికే వెళ్ళిందట. చెప్పలేనంత సంతోషమేసింది. సంతోషంతోపాటు ఆ విలేకరిని, మా తమ్ముణ్ణి, కాళ్ళు కొట్టిన జనాన్ని వరసబెట్టి నిలబెట్టి చెంపలు వాయించాలనిపించింది.

మరుసటి ఆదివారం మళ్ళీ అందరూ మా ముందు గదిలోనే ఉన్నారు. సిగ్గు అన్నది ఉంటే కదా. మైకు పట్టుకుని ఆ నాలుగు ముక్కలు చెప్పడమే ఆయన జీవితంలో అన్నింటికంటే గొప్ప పోటీ అని విలేకరి. అందులో కాళ్ళ కదలిక ఏముందని మాస్టారు. పెయింటరు మాత్రం ఏ వాదనా పెట్టుకోకుండా, ఎప్పటిలాగే గుమ్మంలో నిలబడి నన్ను అడిగాడు.

"మరి 'చా' పెట్టేద్దామాండీ? పెడితే మీ తమ్ముడుగారి బొమ్మ పోతుంది."

"పోనీ," అన్నాను. మా తమ్ముడు అక్కా అక్కా అంటున్నాడు. ఆ గోలలో నాకు సరిగ్గా వినపడలేదు.

"పనిలో పని, 'ండి' కూడా పెట్టించవే," అంది మా అత్తగారు.

"అటువైపు సంఘం అధ్యక్షులవారున్నారమ్మా," అన్నాడు పెయింటరు. మా అత్తగారు కాసేపు ఆలోచించి, ఆయన జోలికి వెళ్ళొద్దని ఒప్పుకుంది.

మొన్న కంటి డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ తీసుకెళ్ళాను. పొర నిలిచిందంది. తిరుగు ప్రయాణంలో బస్సులో ఇద్దరికీ పక్కపక్కన సీట్లు దొరికాయి. ఆయన్ని కిటికీ వైపు కూర్చోబెట్టాను. ఎప్పటినుంచో మనసులో ఉన్నది అడిగాను.

"ఇన్నేళ్ళూ ఒక్కసారి చెప్పొచ్చుగా, చాల్లే అన్నట్టే వినపడిందని?"

"నన్నెవరడిగారు?" అన్నాడు ఆయన. "మీరంతా వాదించుకుంటూ ఉన్నారుగా."

ఆ 'మీరంతా'లో నేనూ ఉన్నాను.

నాలుగు వీధులు దాటామో లేదో, వెనక నిలబడ్డవాడెవడో ఆయన్ని గుర్తుపట్టాడు. "లే!" అని బస్సు అదిరేలా అరిచాడు. నలుగురు ఇటు తిరిగారు. ఒకడు చప్పట్లకి చేతులు కూడా ఎత్తాడు. ఆయన ఎడమ చెవి వాళ్ళవైపు పెట్టి, కుడి కన్ను కిటికీలోకి తిప్పి, దుకాణాల బోర్డులు ఒక్కొక్కటే చదువుకుంటూ కూర్చున్నాడు. మేం దిగాల్సిన చోటు వచ్చేదాకా లేవలేదు.